అంచు మీద పని

సర్జికల్ బ్లేడును చర్మానికి నిలువుగా ఆనించి, కోయకుండా గీకాలి. చెప్పడానికి ఇంతే. కొంచెం గట్టిగా నొక్కితే రక్తపు చుక్క పైకొస్తుంది, నమూనా పాడవుతుంది. భయపడి తేలిగ్గా గీకితే కింద పట్టిన నల్ల కాగితం మీద ఏమీ రాలదు. రాలాల్సింది తెల్లటి పొడి పొట్టు, అదీ చిటికెడు. తామరను నిర్ధారించే కేఓహెచ్ పరీక్షకు ముడిసరుకు అదే.

ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో, చర్మవ్యాధుల ఓపీకి ఆనుకుని ఉన్న ఇరుకు గదిలో ఈ పని చేసే ల్యాబ్ టెక్నీషియన్‌ను దగ్గరగా చూశాను. ముందు స్పిరిట్ దూదితో తుడుస్తుంది. పూసిన క్రీములు, పౌడర్లు పోవాలి కదా. తడి ఆరేదాకా ఆగుతుంది. తర్వాత ఎడమచేతి రెండు వేళ్లతో చర్మాన్ని సాగదీసి పట్టుకుని, కుడిచేతి మణికట్టు కదలకుండా వేళ్లతోనే బ్లేడును ఆడిస్తుంది. నడుము మీద తామరతో వచ్చిన ఒక పెద్దావిడ బ్లేడు చూసి బిగుసుకుపోయింది. "కొయ్యనులే పెద్దమ్మా, గీకుతానంతే. ఊపిరి బిగబట్టకు" అంది ఈమె. "ఇన్నాళ్లూ ట్యూబులు పూసుకోమన్నవాళ్లే గానీ, ఇట్టా గీకి చూసినవాళ్లు లేరమ్మా" అంది పెద్దావిడ. మన దగ్గర తామర వైద్యం కథంతా ఆ ఒక్క మాటలో ఉంది.

గీకిన చోటు గమనించాలి. మచ్చ మధ్యలో కాదు, అంచు మీద. మధ్యలో చర్మం కాస్త నల్లబడి, దాదాపు మామూలుగానే ఉంటుంది. అంచు ఎర్రగా, కాస్త ఉబ్బెత్తుగా, పొట్టు లేస్తూ, ఒక్కోసారి చిన్న చిన్న పొక్కులతో ఉంటుంది. తామరకు కారణమైన శిలీంధ్రం బతికేది కెరటిన్ అనే ప్రోటీన్ తిని. మన చర్మంలో కెరటిన్ నిండుగా ఉండేది పైనున్న మృతకణాల పొరలో. శరీరంలో చాలాచోట్ల ఆ పొర మందం 10 నుంచి 20 మైక్రాన్లే, అంటే మామూలు కాగితం మందంలో ఐదో వంతుకు మించదు. వెంట్రుకలు, గోళ్లు కూడా కెరటినే కాబట్టి అక్కడా అది కాపురం పెడుతుంది. కోత కోసిన చేలో నిప్పంటుకుంటే ఎలా వలయంగా బయటికి పాకుతుందో, ఇదీ అలాగే పాకుతుంది. వెనక ఉన్న చోట శరీరపు రక్షణ వ్యవస్థ దాన్ని చాలావరకు అణచేస్తుంది. కొత్త కెరటిన్ దొరికేది ముందువైపే. కాబట్టి శిలీంధ్రం జోరుగా ఉండేదీ, శరీరం దానితో గట్టిగా పోరాడేదీ అంచులోనే. ఎరుపూ, దురదా ఆ పోరాటం వల్ల వచ్చేవే.

తామర వైద్యంలో నాకు ముచ్చటగొలిపేది ఇదే. చర్మం గీకేవాడి దగ్గర్నుంచి మాత్ర తయారుచేసినవాడి దాకా, మంచి పనితనం ఉన్న ప్రతివాడికీ ఈ అంచు గురించి తెలుసు. వైద్యం ఎక్కడ దెబ్బతిన్నదో చూస్తే, అక్కడ ఎవరో ఒకరు అంచును పట్టించుకోలేదని తేలుతుంది.

పొట్టును గాజు పలక మీద వేసి, పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ (కేఓహెచ్) ద్రావణం ఒక చుక్క కలుపుతారు. ఈ క్షారం చర్మకణాల మధ్య పట్టును కరిగించి పొట్టును పారదర్శకం చేస్తుంది. శిలీంధ్రపు గోడ దానికి అంత తేలిగ్గా లొంగదు. చుట్టూ ఉన్నదంతా కరిగి, కావలసింది మిగులుతుంది. ఇంత చవకైన ఉపాయం వైద్యశాస్త్రంలో అరుదు. స్పిరిట్ దీపం మీద పలకను రెండు మూడుసార్లు అలా అలా తిప్పితే పని తొందరగా అవుతుంది గానీ, మరిగించకూడదు. మరిగితే క్షారం స్ఫటికాలు కట్టి చూడాల్సింది కనపడకుండా చేస్తుంది. గోరు ముక్కలైతే పది శాతం చాలదు, ఇరవై నుంచి నలభై శాతం ద్రావణంలో గంటల తరబడి, కొన్నిసార్లు రాత్రంతా నాననివ్వాలి.

మైక్రోస్కోప్ దగ్గర ఇంకో మెళకువ ఉంది. కొత్తగా చేరినవాళ్లు బాగా కనబడాలని వెలుగు పెంచుతారు. ఈమె తగ్గిస్తుంది. కండెన్సర్‌ను కిందికి దించి, డయాఫ్రం మూసి, మసక వెలుగులో చూస్తుంది. శిలీంధ్రానికి రంగు లేదు. రెండు నుంచి నాలుగు మైక్రాన్ల వెడల్పున్న పారదర్శకమైన పోగు అది. ఎక్కువ వెలుగులో మాయమైపోతుంది. మసకలో దాని రెండు అంచులూ సన్నటి గీతల్లా తేలతాయి. ముందు పది రెట్ల కటకంతో పలకంతా వెతికి, అనుమానం తగిలిన చోట నలభై రెట్లకు మారుతుంది.

నాకు చూపించినప్పుడు ముందు ఒక బోల్తా చూపించింది. చర్మకణాల సరిహద్దుల వెంబడి సన్నటి గీతలు, అచ్చం పోగుల్లాగే. దాన్ని మొజాయిక్ అంటారు. కణాల మధ్య చేరిన కొవ్వు స్ఫటికాలు అవి. అసలు శిలీంధ్రం కణాల సరిహద్దులను లెక్కచేయదు, వాటిని అడ్డంగా దాటుకుంటూ పోతుంది. వెడల్పు ఎక్కడా మారదు, మధ్యలో అడ్డగోడలుంటాయి, కొమ్మలు చీలుతుంది. బట్టల నూలుపోగు అయితే వెడల్పు మారుతూ మెలికలు తిరిగి ఉంటుంది, చివర చిట్లి ఉంటుంది. గాలిబుడగలు, నూనె చుక్కలు ఒక్కోసారి విత్తుకణాల్లా కనబడి మోసం చేస్తాయి. పెద్దావిడ పలక మీద మాత్రం మోసం లేదు. ఒక కణం గుండా దూరి ఇంకో కణంలోంచి బయటపడి, వై ఆకారంలో చీలిన పోగు స్పష్టంగా కనబడింది. రిపోర్టు పుస్తకంలో ఒక్క మాట రాసి పక్కన పెట్టింది టెక్నీషియన్. ఆమెకు అది రోజూ ఉండేదే.

ఈ చూపునకు పునాది వేసినవాళ్లలో ఒకరైన డేవిడ్ గ్రూబీ హంగరీ నుంచి పారిస్ వెళ్లి స్థిరపడ్డాడు. 1840ల మొదట్లో తలతామర రోగుల వెంట్రుకల్లో శిలీంధ్రాన్ని చూసి, జబ్బుకు కారణం అదేనని రాశాడు. సూక్ష్మజీవులకూ జబ్బులకూ ఉన్న సంబంధం గురించి పాశ్చర్, కాక్ మాట్లాడటానికి ఇంకా చాలా కాలం ఉంది. జనం పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత అర్ధశతాబ్దానికి అదే పారిస్‌లో సెయింట్ లూయీ ఆసుపత్రి వైద్యుడు రేమాన్ సబూరో ఈ రంగాన్ని ఒక కొలిక్కి తెచ్చాడు. ఆయన శిల్పి కూడా. శిలీంధ్రాన్ని పెంచే ఆహారాన్ని ఆయన ఒకే పద్ధతిలో కుదిర్చాడు. పెప్టోన్, చక్కెర, అగర్, కాస్త పులుపు పాళ్లు. ఆ పులుపులో చాలా బ్యాక్టీరియాలు సరిగా పెరగవు, శిలీంధ్రానికి ఇబ్బంది లేదు. 1910లో వచ్చిన ఆయన గ్రంథం 'లే తేన్యె'ను చర్మవైద్యులు ఇప్పటికీ గౌరవంగా తలుస్తారు. ఈనాటికీ మైక్రోబయాలజీ ల్యాబుల్లో పొట్టును నాటేది సబూరో అగర్ మీదే. గది వేడిమిలో రెండు నుంచి నాలుగు వారాలకు తెల్లటి దూది లాంటిదో, పొడి లాంటిదో పెరుగుతుంది. పారదర్శకమైన టేపు ముక్కను దాని మీద మెల్లగా అద్ది, నీలిరంగు చుక్క మీద పరిస్తే జాతిని గుర్తుపట్టే ఆకారాలన్నీ చెదరకుండా పలక మీదికి వస్తాయి. స్టేషనరీ షాపులో దొరికే టేపుతో అయ్యే పని.

ఇక అంచు చెరిపేసే పనితనం గురించి చెప్పుకోవాలి. అదీ పనితనమే, కాకపోతే చెడ్డది.

స్టిరాయిడ్ క్రీము పూస్తే తామర ఎరుపు ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, దురద ఆగుతుంది. రోగికి హాయిగా ఉంటుంది. నిజానికి ఆగింది శరీరం చేస్తున్న పోరాటం. శిలీంధ్రానికి అడ్డే లేకుండా పోయింది. 1968లో బ్రిటన్‌లో ఐవ్, మార్క్స్ అనే ఇద్దరు వైద్యులు ఈ మారువేషపు తామరను వర్ణించి, దానికి టీనియా ఇన్‌కాగ్నిటో అని పేరు పెట్టారు. అంచు మసకబారుతుంది, మచ్చ విస్తరిస్తుంది, గుండ్రం పోయి ఎలా పడితే అలా పాకుతుంది. క్రీము ఆపితే రెట్టింపుగా తిరగబెడుతుంది. మళ్లీ ఆ ట్యూబే కొంటారు. ఒక వలయంలో ఇంకో వలయం కనబడితే చూడగానే అనుభవజ్ఞులు "ఏం పూశావు?" అని అడుగుతారు.

మన దేశంలో దీనికి తోడైంది కలగాపులగపు ట్యూబు. అన్నిటికన్నా బలమైన క్లోబెటసాల్ లాంటి స్టిరాయిడ్, దానితో ఒక శిలీంధ్రనాశని, ఒకటి రెండు యాంటీబయాటిక్‌లు, అన్నీ ఒకే గొట్టంలో. ఏ రోగమో తేల్చాల్సిన పని లేకుండా అన్నిటికీ ఒకే పూత. మెడికల్ షాపులో అడిగితే చాలు, ఇచ్చేస్తారు. గజ్జల్లో నెలల తరబడి పూసిన కుర్రాళ్ల చర్మం పలచబడి, ఎర్రటి చారలు పడి, జీవితాంతం పోని గుర్తులు మిగులుతాయి. చర్మవైద్యుల సంఘం ఎన్నాళ్లో మొత్తుకున్నాక, 2018లో కేంద్ర ప్రభుత్వం స్టిరాయిడ్ పూతమందులు కొన్నిటిని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చీటీ అడిగే షాపు మీ వీధిలో ఉంటే మీరు అదృష్టవంతులు.

ఇక్కడే కేఓహెచ్ పరీక్ష గొప్పతనం బయటపడుతుంది. స్టిరాయిడ్ పూసిన తామరను కంటితో పోల్చుకోవడం అనుభవజ్ఞులకే కష్టం. అదే చర్మాన్ని గీకి చూస్తే పలక మీద పోగులు మామూలు కంటే మరింత ఒత్తుగా కనబడుతుంటాయి. కన్ను ఓడిన చోట పలక గెలుస్తుంది. గుండ్రంగా ఉన్నదల్లా తామర కాదన్నదీ ఈ పలకే చెబుతుంది. ఎగ్జిమా గుండ్రంగా ఉండొచ్చు, సోరియాసిస్ ఉండొచ్చు. కుష్ఠు మచ్చ కూడా ఉండొచ్చు, అయితే అక్కడ దురద బదులు స్పర్శ తగ్గుతుంది. పలక మీద ఏమీ కనబడనంత మాత్రాన తామర లేదని గట్టిగా చెప్పలేం. అందుకే అనుమానం మిగిలితే ఇంకో చోట గీకుతారు.

మందుల దగ్గరికి వద్దాం. ఇక్కడి పనితనం కంటికి కనబడదు గానీ, దాన్ని తలుచుకుంటే నాకు బ్లేడు పని కన్నా ఎక్కువ ఆశ్చర్యం.

మొదటిది గ్రిసియోఫల్విన్. 1939లో పెనిసిలియం జాతి బూజు నుంచి రెయిస్ట్రిక్ బృందం దీన్ని వేరు చేసింది. చాలా ఏళ్లు ఇది మొక్కల మందుగానే ఉండిపోయింది. 1958లో గ్లాస్గోలో జెంటిల్స్ దీన్ని నోటి ద్వారా గినీ పందులకు ఇచ్చి తామర తగ్గడం చూపించాడు. ఇది శిలీంధ్రాన్ని నేరుగా చంపేయదు, పెరగనివ్వదంతే. అది కూడా కింది నుంచి. చర్మం కొత్త కెరటిన్ తయారుచేసేటప్పుడే ఈ మందు అందులో కలిసిపోతుంది. మందు నిండిన కొత్త పొర పైకి వస్తుంటే, శిలీంధ్రం ఉన్న పాత పొర పొట్టుగా రాలిపోతుంది. చర్మానికి కొన్ని వారాలు పట్టే ఈ పని, చేతి గోటికి ఆరు నెలలు, కాలి బొటనవేలి గోటికి ఏడాది పైన పడుతుంది. మందు వేగం మన చేతిలో లేదు, గోరు పెరిగే వేగం మీద ఉంది. నెయ్యో నూనో ఉన్న భోజనంతో వేసుకుంటే ఈ మాత్ర బాగా ఒంటబడుతుంది.

    

రెండోది టెర్బినఫిన్. వియన్నాలోని సాండోజ్ పరిశోధనశాలలో 1974లో యాదృచ్ఛికంగా దొరికిన నాఫ్టిఫిన్ అనే పదార్థాన్ని చెక్కి చెక్కి తయారుచేసిన మందు ఇది. శిలీంధ్రపు కణత్వచానికి ఎర్గోస్టెరాల్ కావాలి. దాని తయారీలో స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైముది మొదట్లోనే ఒక మెట్టు. టెర్బినఫిన్ ఆ ఎంజైమును పట్టేస్తుంది. రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. ఎర్గోస్టెరాల్ కరువవుతుంది, వాడుకలోకి రాని స్క్వాలీన్ లోపల పేరుకుని విషమవుతుంది. మన శరీరానికి కొలెస్టరాల్ తయారీలో ఇదే పేరున్న ఎంజైము ఉంది. దాన్ని మాత్రం ఈ మందు వేల రెట్లు తక్కువగా తాకుతుంది. ఒకేలాంటి రెండు తాళాల్లో ఒకదాన్నే తెరిచే పనితనం ఇది. పైగా ఇది చర్మపు నూనెతో కలిసి పైపొరకు చేరి, మాత్రలు ఆపాక కూడా వారాల తరబడి అక్కడ నిలుస్తుంది. ఇంత చక్కటి మాత్ర శోభికి మాత్రం పనిచేయదు. శోభి కూడా శిలీంధ్రమే, పలక మీద పొట్టి కడ్డీలు, గుండ్రటి కణాల గుత్తులుగా కనబడుతుంది. దానికి దారి వేరు.

మూడోది ఇట్రాకొనజోల్. ఈ గొట్టం మాత్రను తెరిచి తెల్లకాగితం మీద ఒంపి చూడండి, కచ్చితంగా అబ్బురపడతారు. పొడి ఉండదు. ఆవగింజ కన్నా చిన్న గుండ్రటి పూసలు దొర్లుతాయి. నీళ్లలో దాదాపు కరగని మందు ఇది, ఊరికే పొడిగా మింగితే లాభం లేదు. అందుకే చక్కెర గింజల మీద మందును, ఒక పాలిమర్‌ను కలిపి పలచగా పూస్తారు. పూసల సైజు, పూత సమంగా ఉండటం, ఒక గొట్టంలో ఎన్ని పూసలున్నాయన్నది, అన్నీ కలిసి ఎంత మందు రక్తంలోకి చేరుతుందో నిర్ణయిస్తాయి. హైదరాబాద్ చుట్టుపక్కల ఇలాంటి పూసలు తయారుచేసే కంపెనీలు ఉన్నాయి. అదే పేరు, అదే మిల్లీగ్రాములు ఉన్నా రెండు బ్రాండ్లు ఒకేలా పనిచేయకపోవడానికి కారణం పూత పూసిన చేతిలో ఉండొచ్చు. గొట్టం మాత్రను కడుపు నిండా తిన్నాక వేసుకోవాలి. గ్యాస్ మాత్రతో కలిపి వేసుకుంటే కడుపులో పులుపు తగ్గి చాలావరకు వృథా అవుతుంది. మన జనంలో పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకోవడం అలవాటు కాబట్టి డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పాలి. గుండె జబ్బు, కాలేయపు సమస్య, గర్భం, వేరే మందులు ఉన్నా అంతే. ఈ మాత్రలేవీ షాపులో అడిగి కొనుక్కునేవి కావు.

టెర్బినఫిన్ తాళం గురించి చెప్పినదానికి ఒక చేదు కొసరు ఉంది. 2020లో జపాన్ పరిశోధకులు అక్కడికి వచ్చిన నేపాలీ, భారతీయ రోగుల నుంచి తీసిన శిలీంధ్రాన్ని కొత్త జాతిగా గుర్తించి ట్రైకోఫైటన్ ఇండోటీనియే అన్నారు. దాని ఎంజైములో 397వ స్థానంలో ఉండాల్సిన ఫినైల్ అలనిన్ బదులు చాలా నమూనాల్లో లూసిన్ వచ్చి కూర్చుంది. ఆ ఒక్క అమైనో ఆమ్లం మారడంతో మందు పట్టు జారిపోతుంది. దేశంలో తామర మొండికేయడానికి ఈ జాతి ఒక పెద్ద కారణం. స్టిరాయిడ్ ట్యూబులు దానికి పొలం దున్నిపెట్టాయని చర్మవైద్యులు చాలామంది అనుకుంటారు, నాకూ అదే నిజమనిపిస్తుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు రోగుల్లో ఇది బయటపడిందని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ప్రకటించింది. అమెరికా వెళ్లే సూట్‌కేసుల్లో ఆవకాయతో పాటు ఆ ట్యూబు కూడా ఉంటుందని మనవాళ్లందరికీ తెలుసు.

ఇక ఇంట్లో చేసే పని. పూతమందును మచ్చ మీదే పూస్తారు చాలామంది. అంచు తెలిసిన వైద్యుడు మచ్చ బయట కనీసం రెండు సెంటీమీటర్ల చర్మానికి కూడా పూయమంటాడు. కంటికి మామూలుగా కనబడుతున్న ఆ చర్మంలోనే పోగుల కొసలు పాకుతూ ఉంటాయి. పూత బయటి నుంచి లోపలికి రావాలి. మోతాదుకు వేలికొన కొలత ఉంది. చూపుడు వేలి చివరి గీత దాకా ట్యూబు నుంచి వచ్చిన క్రీము అర గ్రాము, రెండు అరచేతులంత చర్మానికి సరిపోతుంది. మచ్చ కనబడకుండా పోయాక కూడా ఇంకో రెండు వారాలు పూయాలి. ఈ రెండు వారాల దగ్గరే ఎక్కువమంది తప్పిపోతారు.

ఇంకో అంచు ఉంది, బట్టలు ఒరుసుకునేది. లంగా బొందు నడుము చుట్టూ వేసే గీత వెంబడి, మొలతాడు తగిలే చోట, టైట్ జీన్స్ కింద తొడల మధ్య తామర వదలదు. చెమట ఆరదు, ఒరిపిడి ఆగదు. మొలతాడు తీయమని చెప్పడం తేలిక కాదు. తండ్రి బతికుండగా తీయొచ్చా, పండగ పూట తీయొచ్చా అని అడుగుతారు. పెద్దావిడకు ఓపీలోని డాక్టరమ్మ చెప్పిన తీరు నాకు నచ్చింది. "తగ్గేదాకా తీసి పెట్టు పెద్దమ్మా, తగ్గాక కొత్తది కట్టుకో. బొందు కూడా రోజుకోటి మార్చు, నడుము మీద ఒకే చోట బిగించకు." తువ్వాళ్లు పంచుకోకపోవడం, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయడం, ఇంట్లో దురద ఉన్న అందరికీ ఒకేసారి వైద్యం చేయించడం కూడా చెప్పింది. ఆఖరిది ఖర్చుతో కూడినది కాబట్టి కొందరు చేయరు. చేయనివాళ్లకు ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

ఆరు వారాలయ్యాక పెద్దావిడ మళ్లీ వచ్చినప్పుడు ఎరుపు లేదు, దురద లేదు. గోధుమరంగు మచ్చ మాత్రం ఉంది. అది పోలేదని ఆవిడ బెంగ. టెక్నీషియన్ మళ్లీ అదే చోట, పాత అంచు మీద గీకింది. ఈసారి రాలింది తక్కువ. పలకంతా నిదానంగా వెతికి ఏమీ లేదని రాసింది. డాక్టరమ్మ మాత్రలు ఆపించి, పూత ఇంకో రెండు వారాలు కొనసాగించమని చీటీ రాసింది. ఆ గోధుమరంగు తామర కాదని, మంట తగ్గాక చర్మంలో మిగిలిన రంగేనని, దానంతటదే పోవడానికి నెలలు పడుతుందని, దాని కోసం మాత్రం ఏ ట్యూబూ కొనొద్దని రెండుసార్లు చెప్పింది.